బయట తాళం, లోపల నాయిన

మా నాయిన దగ్గుతుంటె మేం పాట ఎత్తుకునేటోళ్లం. మీకు నవ్వొస్తుండొచ్చు, రానీయుండ్రి. లోపలి అర్రల దగ్గు మొదలైందంటె అమ్మ పొయ్యికాడ కూసున్నకాడనే గొంతెత్తి కీర్తన అందుకునేది. నేను బోళ్లు తోముకుంట ఆమెకు వంత పాడేదాన్ని. దగ్గు ఎంత పెద్దగుంటె పాట అంత పెద్దగ. ఉప్పల్ల ఆ వాకిట్ల ఉన్న కిరాయిదార్లందరిల మాకంటె భక్తిపరులు లేరని పేరొచ్చింది. మేం పాడింది దేవునికి భయపడి కాదు, ఇంటామెకు భయపడి.

నాయిన నాచారంల రేకు డబ్బాలు చేసే ఫ్యాక్టరీల పనిచేసేటోడు. అప్పటికి నాచారంల షెడ్లు ఒక్కటొక్కటే లేస్తున్నయి, నడుమ నడుమ జొన్నచేన్లు ఉండె. ఉప్పల్ అంటె ద్రాక్షతోటలు, గడ్డిమడులు, ఎప్పుడొస్తదో తెల్వని ఒక బస్సు. మేం నల్లగొండ దిక్కు పల్లె నుంచి బతుకుదెరువుకు వచ్చినోళ్లం. పల్లెల మా కులపోళ్లకు ఎవ్వలూ ఇల్లియ్యరు. ఈడ ఇంటామె కులం అడుగకుంట రెండర్రలు కిరాయికిచ్చింది. అడిగితె అమ్మ చెప్పేదే, గానీ ఆమె అడుగలే, అమ్మ చెప్పలే. ఆ ఇల్లు దొరికిన దినం అమ్మ గోడలు తడిమి తడిమి చూసింది. కాబట్టి ఆ ఇల్లంటె మాకెంత పానమో మీకు ఎరుకైతది.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండంగ నాయిన ఉమ్మిల నెత్తురు పడ్డది. ఫ్యాక్టరీ పనోళ్లకు బీమా దవాఖానా ఉండె. ఆడ ఛాతికి ఫోటో తీసి టీబీ అన్నరు. ముందుగాల సిటీల పెద్ద దవాఖానాల ఉంచుకోని సూదులిచ్చిన్రు. తర్వాత, ఇగ ఇంటికి పోయి గోలీలు మింగు, ఏడాది దాటుతది, నడుమల ఇడిస్తె మాత్రం పానానికే మోసం అని చెప్పి పంపిన్రు. పని చెయ్యనన్ని దినాలు బీమాల నుంచి సగం జీతం అంత ఇస్తమన్నరు. ఆ పైసలతోనే మా తిండి, ఆ కార్డుతోనే నాయినకు మందులు. రెండూ ఒక్క తాడుకే కట్టిన్రు, అది తెగితె రెండూ పోతయి.

పైసలిచ్చే ఆఫీసుల కూసున్న సారు అమ్మకు షరతులు చెప్పిండు. నీ పెనిమిటి ఇంట్లనే ఉండాలె. ఏ పనీ చెయ్యొద్దు. చెప్పకుంట ఊరు దాటొద్దు. మావోళ్లు ఎప్పుడన్న ఇంటికొచ్చి చూస్తరు. అమ్మ అన్నిటికీ తలూపింది. ఇంట్ల ఉండుడే గదా, దానికేం బాధ అనుకున్నది.

బాధంతా ఆడనే ఉన్నది. నాయిన పెద్ద దవాఖానాల ఉన్నప్పుడే అమ్మ వాకిట్ల ఒక మాట చెప్పి పెట్టింది. ఖాజీపేటల కంపెనీవోళ్లు కొత్త షెడ్డు ఏస్తున్నరు, ఆయన్ని ఆడికి పంపిన్రు అని. ఎందుకు చెప్పిందంటె, మా వెనుక గల్లీల ఒకామెకు టీబీ అని తెల్సినంక బావికాడ ఏం జరిగిందో అమ్మ చూసింది. ఆమె చేద బావిల ఏస్తె మిగిలినోళ్లు బొక్కెనలెత్తుకోని పక్కకు పోయేటోళ్లు. దుకానంల ఆమె పైసల మీద నీళ్లు చల్లి తీసుకునేటోళ్లు. ఆమె పిల్లలను బడిల ఎవ్వలూ పక్కన కూసోనియ్యలే. ఆఖరుకు ఏడికి పోయిన్రో కూడ ఎవ్వలూ అడుగలే. అప్పుడు మా ఇంటామె, 'పీడ పోయింది' అన్నది. ఆ మాట అమ్మ చెవుల పడ్డది.

అబద్ధమాడినా అతికినట్టుండాలె అంటరు. అమ్మ అబద్ధం మస్తు అతికింది, అదే మా కొంప ముంచింది. నాయిన ఖాజీపేటల మంచిగున్నడని, మ్యానేజరుకు ఆయన లేంది పొద్దుపోదని, రోజుకో ముక్క అతికించింది. మేం పోయే చర్చిల పాస్టరయ్య ప్రతి ఐతారం దూరంల కష్టపడుతున్న మా సహోదరుని కోసం ప్రార్థన చేసేటోడు. అమ్మ తలమీద కొంగేసుకోని ఆమెన్ అనేది. ఆ దూరంల ఉన్న సహోదరుడు ఇంట్ల మంచం మీద గోలీలు మింగుతున్నడు. నేను ఆమెన్ అనకుంట పెదాలు మాత్రం కదిపేదాన్ని.

నాయిన దవాఖానా నుంచి ఇంటికి చీకట్ల వచ్చి చీకట్లనే ఉండిపోయిండు. తెల్లారకముందు తలకు రుమాలు చుట్టుకోని తోటల దిక్కు పోయొచ్చేటోడు. డాక్టరుకు చూపియ్యాల్సిన దినం గట్లనే ఎల్లిపోయి పొద్దుగూకినంక వచ్చేటోడు. మిగిలిన పొద్దంత లోపలి అర్రల, కిటికీ మూసుకోని. అమ్మ కూలికో, పైసల కోసం బీమా ఆఫీసుకో పోయేటప్పుడు, నేను బడికి పోయేటప్పుడు బయట తాళమేసి పోయేటోళ్లం. ఇంట్ల ఎవ్వలూ లేరని అందరికీ తెల్వాలె గదా. ఏ ఇంట్లనన్న దొంగలొస్తరని తాళమేస్తరు. మేం ఇంటి మొగోన్ని లోపల పెట్టి తాళమేసినం.

ఆయన ఉమ్మిన ముంత నేనే కడిగేదాన్ని. బూడిద పోసి, ఫినాయిల్ పోసి, వెనుక గుంత తీసి పాతేదాన్ని. నాకు అసహ్యం లేకుండె. బుగులే ఉండె, ఎవలికన్న తెలుస్తదని భయం. గుంతకాడ కుక్క నిలబడ్డా బుగులే. బడిల ఎవరన్న 'మీ నాయిన ఎప్పుడొస్తడే' అంటె మాట మార్చేదాన్ని. రాత్రి కలల గూడ ఎవలో తలుపు కొడుతున్నట్టే ఉండేది. ఎవలు కొడతరో తెల్వదు, కొడితె మాత్రం అంతా అయిపోతదని తెల్సు. అంత చిన్న పానానికి అంత బుగులు ఎందుకు పెట్టిన్రని నాకు ఇప్పటికీ మండుతది. ఎవల మీద మండాల్నో తెల్వక ఊకుంట.

ఆ ఎండకాలం ఇంటామె బిడ్డ పురుడు పోసుకుందామని తల్లిగారింటికి వచ్చింది. మా లోపలి అర్ర గోడకు అవుతలి దిక్కే ఆ బాలింత, చంటిపిల్ల. పిల్ల ఏడుస్తె మాకు ఇనబడేది. పిల్ల ఏడ్చినప్పుడు నాయిన మంచం గోడకాన్నుంచి ఇవుతలికి జరుపుకునేటోడు. ఎంత జరిపినా ఆ అర్ర ఎంతుండె గనుక. ఒక దినం, 'నా దగ్గు గోడ దాటి పోతదా బిడ్డా' అని నన్నడిగిండు. పోదు నాయినా అన్న. నాకేం తెల్సు.

అమ్మ ఆఫీసుకు పోయిన ఒక దినం, బడికి సెలవులు, నన్ను నాయినకాడ ఉంచి బయట తాళమేసి పోయింది. పగటీలి ఎండ మస్తుండె. వాకిట్ల సైకిల్ స్టాండు ఏసిన చప్పుడైంది. ఎవలో మొగాయన నాయిన పేరు జెప్పి, 'ఇల్లు ఇదేనా' అని అడిగిండు. నాయిన లేసి కూసున్నడు. బీమా ఆఫీసోళ్లు వస్తమన్నది ఇద్దరికీ ఒక్కపాలే యాదికొచ్చింది.

మా తలుపు ముంగట నిలబడి ఇంటామె జవాబు చెప్తున్నది. ఆమె మనసుల ఏ కల్మషం లేదు, ఒట్టేసి చెప్తున్న. మా మంచి కోరే చెప్పింది. 'ఆయన ఈడ లేడు సారూ. ఖాజీపేటల పనిజేస్తున్నడు. చాన దినాలాయె. మంచి మనిషి. తాగుడు లేదు, తిరుగుడు లేదు. నెలనెలా పైసలు పంపుతడు, మాకు కిరాయి ఒక్కనాడు ఆపలే' అన్నది. మా అమ్మ చెప్పినదాని మీద ఇంకో రెండు మాటలు ఆమె సొంతంగ కలిపింది. 'ఖచ్చితంగ పనిచేస్తున్నడా' అని ఆయన మల్ల అడిగిండు. 'అయ్యో, చెయ్యకపోతె తిండెట్ల సారూ' అన్నది.

నాయిన తలుపు దాకా పోయిండు. చెయ్యి తలుపుమీద పెట్టిండు. బయట తాళం. పిలిస్తె, తాళమేసిన ఇంట్లకెళ్లి మొగోని గొంతు వస్తది. అప్పుడు ఇంటామెకు తెలుస్తది, బాలింతకు తెలుస్తది, బావికాడ అందరికీ తెలుస్తది. పిలువకపోతె ఆ సారు సైకిలెక్కి పోతడు. ముందు నుయ్యి, ఎనుక గొయ్యి. నాయినకు దగ్గొచ్చింది. తువ్వాల నోట్ల కుక్కుకోని నేల మీద కూలబడ్డడు. కండ్లల్ల నీళ్లొచ్చినయి, చప్పుడు మాత్రం రానియ్యలే. నేను ఆయన వీపు పట్టుకున్న. ఆ వీపు ఎట్ల అదిరిందో నా చేతులకు ఇంకా ఎరుకే.

సైకిల్ పోయింది. నాకు పానం కుదుటపడ్డది, బతికినం అనుకున్న. నాయిన తువ్వాల తీసి మెల్లగ అన్నడు, 'బిడ్డా, పైసలు పోయినయి'.

అనుకున్నట్టే అయింది. తర్వాతి పాలి అమ్మ పోతె ఆఫీసుల పైసలియ్యలే. నీ పెనిమిటి టీబీ అని మాకు చీటీలు పెట్టుకుంట ఖాజీపేటల కొలువు చేస్తున్నడు, మీ ఇంటి యజమానే చెప్పింది అన్నరు. డాక్టరు చీటీ చూపిస్తె, నెలల ఒక్కనాడొచ్చి డాక్టరుకు చూపిచ్చుకోని పోతె మాకేం తెల్సు అన్నరు. ఇచ్చిన పైసలన్నీ ఎనుకకు కట్టాల్సొస్తది, కార్డు రద్దయితది, ఫ్యాక్టరీల నౌకరి గూడ పోతదన్నరు. అమ్మ కాళ్లా వేళ్లా పడ్డంక పెద్దసారు ఒక్క మాటన్నడు. 'ఆయన ఊర్ల లేడని ఎవలు చెప్పిన్రో, వాళ్లనే తీసుకొచ్చి ఉన్నడని చెప్పియ్యి.'

అంటె ఎవలికాడ దాసినమో వాళ్లే మాకు సాక్ష్యం చెప్పాలె. కొరివితోని తల గోక్కున్నట్టే అయింది.

నాయిన ఇనలే. 'ఆమెకు చెప్పకు. నేను పనికి పోత. పోతె లొల్లే లేదు' అన్నడు. ఫ్యాక్టరీ అంగీ సందుకలకెళ్లి తీసి తొడుక్కున్నడు. భుజాలకాడ అంగీ కొయ్యకు తలిగించినట్టు ఏలాడుతున్నది. గుండీలు పెట్టుకునే సరికే ఆయాసమొచ్చి మంచం పట్టుకున్నడు. అమ్మ దగ్గరకొచ్చి ఒక్కొక్క గుండీ ఇప్పింది. పెట్టెల మిగిలిన గోలీలు నాకు చూపిచ్చింది, అడుగున గలగలమంటున్నయి. నడుమల ఇడిస్తె పానానికే మోసమన్న డాక్టరు మాట ముగ్గురికీ తెల్సు. నాకు ఆ దినం మొదటిపాలి, నాయిన సచ్చిపోతడు అని మాటలల్ల అనిపిచ్చింది. అంతకుముందు బుగులుకు పేరు లేకుండె.

తెల్లారి ఎండెక్కినంక అమ్మ తలుపులు రెండూ బార్లా తెరిచింది. కిటికీ గూడ తెరిచింది. వాకిట్ల బియ్యం చెరుగుతున్న ఇంటామెకాడికి పోయి, 'అక్కా, జర ఒక్కపాలి మా ఇంట్లకు రా' అన్నది.

'ఏంది చెల్లె, గట్లున్నవు' అనుకుంట ఆమె చాట పక్కన పెట్టి వచ్చింది. గడప కాడికొచ్చి లోపలికి చూసింది. నాయిన మంచం మీద కూసోని చేతులు జోడిచ్చిండు. పక్కన ముంత. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది. కండ్లు మాత్రం ముంత మీదకెళ్లి తీయలే.

'ఎన్నాళ్లసంది?' అన్నది.

'మస్తు దినాలాయె అక్కా. దవాఖానాకాన్నుంచి ఈడికే వచ్చిండు.'

'గోడ అవుతల నా బిడ్డ పండుకుంటది చెల్లె.'

'తెల్సు అక్కా.'

'తెల్సు అంటవా. పచ్చి బాలింత. ఇంకా నెల పిల్ల.' ఆమె గొంతు లేపలే. లేపితె బిడ్డకు ఇనబడతదని బుగులు. ఎన్ని దినాలు మేం ఆమెకు బుగులుపడ్డమో, ఆమె బుగులు ఒక్క గడియల అంతకంటె పెద్దదైంది. ఆమె గడపకాన్నుంచి రెండడుగులు ఎనుకకు ఏసింది. మా ఇంట్లోళ్లను చూసి గూడ ఒకలు భయపడతరని నాకెప్పుడూ తోచలే.

'ఐతారం దాకా చూస్త. ఇల్లు ఖాళీ చెయ్యిండ్రి' అన్నది.

అమ్మ తల ఊపింది. ఊపి, అసలు మాట చెప్పింది. బీమా సారు సైకిల్ మీద రాలేదా, ఆయనకు నువ్వు చెప్పిన మాటతోని పైసలాగినయి, మందులాగుతున్నయి, నువ్వొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్తెనే ఈ మనిషి బతుకుతడు అని. ఇంటామె వాకిట్ల చాట దిక్కు మర్లింది. నాకు మాత్రం ఇగ అయిపోయిందనిపిచ్చింది. పొమ్మన్న మనిషి ఎందుకొస్తది?

'నేను అబద్ధమాడిన్నని ఆడ రాసుకున్నరా?' అని అడిగింది.

'నా అబద్ధం అక్కా. నీ నోట్లకెళ్లి వచ్చింది.'

'నా బతుకుల సర్కారోని ముంగట ఒక్కనాడు అబద్ధమాడలే' అన్నది. ఆ కోపంతోనే వచ్చింది. మా మీద జాలితోని వచ్చిందని నేను చెప్పుకోను, నాకు తెల్వదు.

మరునాడు బస్సుల మేం వెనుక, ఆమె ముంగట. ఆఫీసుల బోర్డులు చదవనీకె అమ్మ నన్ను తోలుకపోయింది. పెద్దసారు ముంగట ఇంటామె, 'ఆయన ఊర్ల లేడని నాకు చెప్పిన్రు, నేను మీకు చెప్పిన. నిన్న కండ్లార చూసిన. ఇంట్లనే ఉన్నడు. పనిచేసే పాణం గాదది' అన్నది.

సారు కుర్చీల ఎనుకకు ఒరిగిండు. 'ఏందమ్మా, మొన్న లేడంటివి, ఇయ్యాల ఉన్నడంటివి. నీకు కిరాయి వాళ్లే ఇస్తరు గదా. మా పైసలాగితె నీ కిరాయి ఆగుతది. దానికోసం మాట మారుస్తున్నవని నేనెందుకు అనుకోవద్దు?'

అమ్మ మొఖం తెల్లబోయింది. ఆయన అన్నదాన్ల తప్పు లేదు, ఎవలైన గట్లనే అనుకుంటరు. ఆమె దిక్కు చూసిన. ఇప్పుడు ఆమె కోపంతోని లేసి ఎల్లిపోతె నాయిన పానం పోయినట్టే.

ఆమె లేవలే. కొంగు సదురుకున్నది. 'కిరాయి కోసమా? వాళ్లను ఎల్లగొడుతున్న సారూ. ఐతారం దాకనే ఉండమన్న. టీబీ ఉన్నోన్ని నా చంటిపిల్ల పక్కన ఎట్లుంచుకుంట? ఆయన ఖాజీపేటల పనిచేస్తె నేనెందుకు ఎల్లగొడత, చెప్పుండ్రి. కిరాయే వద్దనుకున్నదాన్ని, నాకు అబద్ధంతో ఏం పని?'

సారు ఆమెను చూసిండు, అమ్మను చూసిండు. నిజమేనా అని అమ్మను అడిగిండు. మా ఇల్లు పోతున్నదన్నది నిజమేనా అని. అమ్మ, 'నిజమే సార్' అన్నది. అప్పుడు నమ్మిండు. ఎన్ని చీటీలు చూపిచ్చినా నమ్మనోడు మమ్మల్ని ఇంట్లకెళ్లి ఎల్లగొడుతున్నరంటె నమ్మిండు. గుమాస్తాను పిలిచి పైసలు మల్ల మొదలుపెట్టమన్నడు. ఇంటామె వేలిముద్ర ఏసింది. ఆ మందులతోనే నాయిన బాగైండు, ఆ తర్వాత మస్తు ఏండ్లు బతికిండు. అది ఆమె వేలి పుణ్యమే, నేను కాదనను.

బయట వరండల అమ్మ ఆమెను ఆపింది. 'అక్కా' అని కాళ్లు మొక్కనీకె వంగింది. ఆమె బెదిరి గోడదాకా జరిగింది. అమ్మ చేతులు ఉత్త నేలకు తగిలినయి. అమ్మ లేసి, చేతులు కొంగుకు తుడుచుకోని, 'ఐతారం దాకా ఎందుకు అక్కా, రేపే పోతం' అన్నది. ఏడికి పోవాల్నో అమ్మకు తెల్వదు, నాకూ తెల్వదు.